షాపుకు వెబ్‌సైట్ చేయించుకుంటున్నారా? వచ్చినవాళ్లు తడుముకోకుండా ఉండాలంటే ఈ వరుసలో చేయండి

హన్మకొండలో ఉంటూ ఇక్కడి షాపులకు, ఫంక్షన్ హాళ్లకు, కోచింగ్ సెంటర్లకు వెబ్‌సైట్లు చేసి పెడుతుంటాను. నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే: "సైట్ ఉంది, చూసేవాళ్లూ ఉన్నారు, ఫోన్ మాత్రం రావడం లేదు. ఎక్కడ తప్పు జరిగింది?" చాలాసార్లు తప్పు రంగుల్లోనో లోగోలోనో ఉండదు. వచ్చిన మనిషి మనసులో ఒక ప్రశ్న పెట్టుకుని వస్తాడు. జవాబు కనిపించదు. వెళ్లిపోతాడు.

చెప్పడానికి వీలుగా కొత్తవాడలో ఒక జంపఖానాల షాపు ఉందనుకుందాం. మీది వేరే వ్యాపారమైతే ఆ చోట మీ సరుకు పెట్టుకుని చదవండి. వరుస మాత్రం మార్చకండి. డిజైన్ ముందు చేయించి సమాచారం తర్వాత సర్దుదాం అనుకున్నవాళ్లు అదే పని రెండుసార్లు చేయించుకోవడం చూశాను.

1. ముందు పది రోజులు నోట్‌బుక్ రాయండి

కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టండి. పది రోజుల పాటు ఫోన్‌లో, వాట్సాప్‌లో, షాపులో ఎవరు ఏం అడిగినా వాళ్ల మాటల్లోనే రాయండి. "కొలతల గురించి అడిగారు" అని రాస్తే పనికిరాదు. "ఆరు బై తొమ్మిది ఉందా, ఎంత పడుతది?" అని అడిగినట్టే రాయండి. అదే ప్రశ్న మళ్లీ వస్తే పక్కన ఒక గీత పెట్టండి.

జంపఖానాల షాపుకైతే ఇలాంటివి వస్తాయి:

- ఏ సైజులు ఉన్నాయి, రేటు ఎంత?
- ఉతికితే రంగు పోతుందా? మెషిన్‌లో వేయొచ్చా?
- హైదరాబాద్‌కు పంపుతారా, ఎన్ని రోజులు పడుతుంది?
- ఫంక్షన్ హాలుకు యాభై కావాలి, రేటు తగ్గిస్తారా?
- షాపు ఎక్కడ, ఆదివారం తెరుస్తారా?

ఫంక్షన్ హాలు వాళ్లకైతే మొదటి ప్రశ్న ఎప్పుడూ తేదీయే. తర్వాత కిరాయి, ఎంతమంది కూర్చోవచ్చు, వంటవాళ్లను మనమే తెచ్చుకోవచ్చా, కరెంటు బిల్లు కలిపేనా విడిగానా.

పది రోజుల తర్వాత గీతలు లెక్కపెట్టండి. ఎక్కువ గీతలున్న ఐదు ప్రశ్నలే మీ హోమ్ పేజీ. మిగతావి లోపలి పేజీల్లోకి వెళ్తాయి. ఒక్కసారి కూడా ఎవరూ అడగని విషయం, అది యజమానికి ఎంత ఇష్టమైనా, హోమ్ పేజీలో పైన ఉండకూడదు.

ఈ ఒక్క మెట్టు వదిలేస్తే తర్వాత ఎంత ఖర్చు పెట్టినా సైట్ అందంగా ఉంటుంది గానీ పనికిరాదు. అందుకే దీనికి పది రోజులు అడుగుతున్నాను.

2. సామాను సిద్ధం చేసుకోండి

డిజైనర్‌ను పిలిచే ముందే ఇవి ఒక ఫోల్డర్‌లో ఉండాలి:

- ప్రతి సరుకు పేరు, కొలత, రేటు ఉన్న ఒక షీట్
- ఒక్కో సరుకుకు కనీసం మూడు ఫొటోలు
- షాపు పూర్తి అడ్రసు, పిన్‌కోడ్, దగ్గర్లోని గుర్తు
- తెరిచే వేళలు, సెలవు రోజు
- ఫోన్ ఎత్తే మనిషి నంబర్ (ఎత్తని నంబర్ వద్దు)
- లోగో అసలు ఫైలు, వాట్సాప్‌లో వచ్చిన మసక బొమ్మ కాదు

ఫొటోలు ట్యూబ్‌లైట్ కింద తీయకండి. జంపఖానాను వరండాలో నీడ పట్టున, పగటి వెలుతురులో పరిచి తీయండి. మెరూన్ రంగు ట్యూబ్‌లైట్ కింద ఇటుక రంగులా పడితే, సరుకు అందుకున్నవాళ్లు "ఫొటోలో వేరే ఉంది" అని తిప్పి పంపుతారు. మొదటి ఫొటో మొత్తం పరిచి, పక్కన ఒక కుర్చీ పెట్టి తీయండి. సైజు కంటికి తెలుస్తుంది. రెండోది నేత దగ్గరగా. మూడోది ఒక మూల మడిచి, వెనక వైపు కూడా కనిపించేలా.

వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, వచ్చింది. ఆ మాట సరుకు పేజీలో ఒక్క వాక్యంగా పెట్టండి, కొనేవాళ్లకు నమ్మకం పెరుగుతుంది. జీఐ గుర్తు బొమ్మను వాడాలంటే మాత్రం ముందు అధీకృత వాడుకదారుగా నమోదు కావాలి.

ఇంకో జాగ్రత్త. డొమైన్, అంటే ఇంటర్నెట్‌లో మీ సైట్ అడ్రసు, మీ పేరున, మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబర్‌తో కొనండి. పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండాలి. డిజైనర్ తన పేరున కొనిపెట్టి, తర్వాత ఫోన్ ఎత్తకపోతే, పదేళ్ల షాపు పేరు చేజారిన యజమానిని దగ్గర నుంచి చూశాను. ఆయన చివరికి వేరే పేరుతో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

3. పేజీలను కాగితం మీద గీయండి

కంప్యూటర్ జోలికి ఇంకా వెళ్లొద్దు. ఒక తెల్ల కాగితం మీద ఫోన్ ఆకారంలో డబ్బాలు గీసి, ఏ డబ్బాలో ఏ ప్రశ్నకు జవాబో రాయండి. చిన్న షాపుకు ఐదు పేజీలు చాలు: హోమ్, సరుకులు, టోకు ఆర్డర్లు, తరచూ అడిగేవి, అడ్రసు.

మెనూలో పేర్లు కొనేవాళ్ల మాటల్లో ఉండాలి. "మా ఉత్పత్తులు" అంటే లోపల ఏముందో తెలియదు. "జంపఖానాలు, రేట్లు" అంటే తెలుస్తుంది. "సంప్రదించండి" కంటే "ఫోన్, అడ్రసు" నయం.

తెలుగులోనా ఇంగ్లిష్‌లోనా అని చాలామందికి టెన్షన్. రెండూ పెట్టండి, కానీ ఒకే పేజీలో కలిపి కాదు. ప్రతి పేజీకి రెండు రూపాలు చేసి, మారడానికి పైన కుడి మూల ఒక బటన్ పెట్టండి. బటన్ మీద జెండా బొమ్మ వద్దు, ఆ భాష పేరు ఆ లిపిలోనే ఉండాలి. తెలుగు పేజీని యంత్రానువాదానికి వదిలేయకండి. మీ నోట్‌బుక్‌లోని మాటలనే వాడండి. తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి వెతికేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి, ఇంగ్లిష్ పేజీలో సరుకు తెలుగు పేరు కూడా ఆ అక్షరాల్లో ఒకసారి రాయండి.

4. మొదటి తెర

ఫోన్‌లో సైట్ తెరవగానే, వేలు కదపకుండా కనిపించేదే మొదటి తెర. అందులో నాలుగే ఉండాలి: షాపు పేరు, ఏం అమ్ముతారో ఒక్క వాక్యం, ఒక మంచి ఫొటో, ఒక ముఖ్యమైన బటన్.

ఆ వాక్యం సూటిగా ఉండాలి. "నాణ్యతే మా నినాదం" అని ఏ షాపైనా రాసుకోవచ్చు. "చేనేత జంపఖానాలు, 2 అడుగుల నుంచి 12 అడుగుల దాకా, కొత్తవాడ, వరంగల్" అని రాస్తే వచ్చినవాడికి తన చోటికే వచ్చానని తెలుస్తుంది.

తిరిగే బొమ్మల స్లైడర్ పెట్టించుకోకండి. ఒకటి చదివేలోపు ఇంకొకటి వస్తుంది, రెండో బొమ్మ దాకా ఎవరూ ఆగరు. లోపలికి రాగానే ఎదురుపడే పాపప్ కూడా వద్దు. షాపు మెట్టు ఎక్కకముందే రసీదు పుస్తకం చేతిలో పెడితే ఎలా ఉంటుందో అదీ అంతే.

5. తెలుగు అక్షరాలు సరిగా పడాలి

మన దగ్గర ఎక్కువ సైట్లు పాడయ్యేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

ఫ్లెక్సీ, పెళ్లిపత్రిక చేసే డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైప్ చేస్తారు. అది యూనికోడ్, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి, కాదు. ఆ మ్యాటర్‌ను తెచ్చి సైట్‌లో పెడితే పిచ్చి అక్షరాలు వస్తాయి. దాంతో చాలామంది డిజైనర్లు మ్యాటర్ మొత్తాన్ని బొమ్మగా మార్చి అతికిస్తారు. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ గూగుల్ అందులోని మాటలను సరిగా పట్టుకోలేదు, కాపీ కాదు, ఫోన్‌లో చిన్నగా కుంచించుకుపోతుంది, చూపు లేనివాళ్ల ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. పాత మ్యాటర్ ఉంటే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, తర్వాత ఒక మనిషి కూర్చుని అక్షరం అక్షరం సరిచూడాలి. వత్తులు, పొల్లులు మార్పిడిలో తప్పుతాయి.

ఫాంట్‌గా నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు చాలు. ఒకటే ఫాంట్ వాడండి. తెలుగు ఫాంట్ ఫైళ్లు ఇంగ్లిష్ వాటికంటే బరువు, మూడు నాలుగు పెడితే పేజీ నెమ్మదిస్తుంది.

- మామూలు అక్షరం 17 లేదా 18 పిక్సెళ్లు ఉండాలి.
- వరుసకూ వరుసకూ మధ్య ఎడం 1.6 నుంచి 1.8 రెట్లు. ఇంగ్లిష్ డిజైన్‌లోని 1.3 అలాగే వదిలేస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి.
- అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగ్ తీసేయండి.
- చిన్న అక్షరాలను బోల్డ్ చేయకండి, సున్నా లోపలి ఖాళీ పూడిపోతుంది.
- పేజీ భాష తెలుగు అని కోడ్‌లో చెప్పించండి.

"వస్త్రాలు, లక్ష్మి, రాష్ట్రం, కృష్ణ, జ్ఞానం" అనే ఐదు మాటలు సైట్‌లో టైప్ చేయించి, మూడు రకాల ఫోన్లలో చూడండి. ఇవి సరిగా పడితే దాదాపు అన్నీ సరిగా పడతాయి.

రంగుల సంగతి కూడా ఇక్కడే. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెప్తాయి. కాంట్రాస్ట్ లెక్కించే ఉచిత పనిముట్లు ఉన్నాయి, రెండు రంగులు ఇస్తే చాలు. తెల్లటి మీద బంగారు రంగు, తెల్లటి మీద లేత బూడిద రంగు ఇందులో తప్పుతాయి. మే నెల ఎండలో ఫోన్ పట్టుకుని చూస్తే లెక్క అవసరం లేకుండానే తెలుస్తుంది.

6. ఫోన్, వాట్సాప్, అడ్రసు

నేను తొలినాళ్లలో చేసిన ఒక సైట్‌ను ఒక పెద్దాయన చేతికిచ్చి షాపుకు ఫోన్ చేయమన్నాను. ఆయన నంబర్ చూశారు. బొటనవేలితో దాని మీద నొక్కారు. ఇంకోసారి గట్టిగా నొక్కారు. అద్దాలు పైకి జరిపి, "ఎంత ఒత్తినా పోతలేదు బిడ్డా" అన్నారు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, అరచేతి మీద నంబర్ రాసుకోవడం మొదలుపెట్టారు. నంబర్‌ను బ్యానర్ బొమ్మలో కలిపేశాను, అది నొక్కితే పనిచేసేది కాదు. ఆ అరచేయి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి ఏ సైట్‌లోనైనా మొదట చూసేది నంబరే.

- నంబర్ అక్షరాల్లో ఉండాలి, నొక్కగానే డయలర్ తెరుచుకోవాలి.
- బటన్ ఎత్తు 48 పిక్సెళ్లకు తగ్గకూడదు, పక్క బటన్‌కు వేలు తగలకుండా ఎడం ఉండాలి.
- ఫోన్, వాట్సాప్ బటన్లు తెర కింది అంచున ఎప్పుడూ కనిపించాలి.
- వాట్సాప్ లింక్‌లో నంబర్ ముందు 91 ఉండాలి, ప్లస్ గుర్తు, సున్నా, ఖాళీలు ఉండకూడదు.
- సరుకు పేజీ నుంచి వాట్సాప్ నొక్కితే ఆ సరుకు పేరు, సైజు మెసేజ్‌లో ముందే పడి ఉండాలి. "ఏది కావాలి?" అని మీరు మళ్లీ అడిగే పని తప్పుతుంది.

అడ్రసు దగ్గర ఇంటి నంబర్ ఒక్కటే పెడితే ఎవరూ రాలేరు. పోచమ్మ మైదాన్ వైపు నుంచి వచ్చేవాళ్లకు రెండు వాక్యాలు, రైల్వే స్టేషన్ నుంచి వచ్చేవాళ్లకు రెండు వాక్యాలు రాయండి. మ్యాప్ పిన్ సరిగ్గా షాపు గుమ్మం మీద ఉందో లేదో మీరే నడిచి చూడండి. వెనక గల్లీలో పడి ఉంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో, అంటే గూగుల్‌లో, మ్యాప్‌లో మీ షాపు వివరాలు పెట్టుకునే చోట, జరపొచ్చు. కారు ఎక్కడ ఆపుకోవాలో కూడా ఒక వాక్యం రాస్తే ఊరి బయట నుంచి వచ్చేవాళ్లకు మేలు.

7. ఫారం చిన్నది చేయండి

టోకు ఆర్డర్ ఫారంలో మూడే గడులు: పేరు, ఫోన్ నంబర్, ఏం కావాలి. ఈమెయిల్ తప్పనిసరి చేయకండి. మీకు వాడే పని లేని వివరం అడగకండి. వ్యక్తిగత వివరాలకు 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా ఉంది. తక్కువ తీసుకుంటే కాపాడాల్సిందీ తక్కువే.

తరచూ జరిగే తప్పులు, వాటి దిద్దుబాట్లు:

- గడి పేరు గడి లోపలే లేత రంగులో ఉంటుంది, టైప్ చేయగానే మాయమవుతుంది. పేరును గడి పైన రాయించండి.
- నంబర్ గడి నొక్కితే అక్షరాల కీబోర్డు వస్తుంది. అంకెల కీబోర్డు వచ్చేలా చేయించండి.
- నంబర్ మధ్య ఖాళీ ఉన్నా, ముందు సున్నా ఉన్నా ఒప్పుకోదు. వాటిని సైటే తీసేసుకోవాలి.
- గడిలో అక్షరం 16 పిక్సెళ్లకు తగ్గితే ఐఫోన్‌లో పేజీ ఒక్కసారిగా పెద్దదై కదిలిపోతుంది. 16 పెట్టించండి.
- తప్పు జరిగితే ఎర్ర అక్షరాల్లో "ఇన్‌వాలిడ్" అని మాత్రమే వస్తుంది. "ఫోన్ నంబర్‌లో 10 అంకెలు ఉండాలి, 9 ఉన్నాయి" అని రాయించండి. టైప్ చేసింది చెరిగిపోకూడదు.

పంపిన తర్వాత "ధన్యవాదాలు" ఒక్కటే చాలదు. "మీ వివరాలు అందాయి. సాయంత్రం 6 లోపు ఫోన్ చేస్తాం" అని ఉండాలి, ఆ మాట నిలబెట్టుకోవాలి.

సైట్‌లోనే డబ్బు తీసుకుని అమ్మితే 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు వర్తిస్తాయి. వ్యాపారం అసలు పేరు, అడ్రసు, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు సైట్‌లో కనిపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో జవాబివ్వాలి, నెలలోపు పరిష్కరించాలి.

8. వేగం

నెమ్మదికి కారణం దాదాపు ఎప్పుడూ ఫొటోలే. ఫోన్‌లో తీసిన ఫొటో నాలుగైదు ఎంబీలు ఉండొచ్చు, ఇరవై ఫొటోలు అలాగే ఎక్కిస్తే పేజీ తెరుచుకోదు. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ అనే తక్కువ బరువుండే ఫొటో రూపంలోకి మార్చి, ఒక్కోటి 150 కేబీ దగ్గరికి తెండి. ప్రతి ఫొటోకు వెడల్పు, ఎత్తు కోడ్‌లో రాయించండి. లేకపోతే ఫొటో ఆలస్యంగా వచ్చి పేజీని కిందికి తోస్తుంది, ఫోన్ బటన్ నొక్కబోయిన వేలు ఇంకెక్కడో పడుతుంది.

సైట్ వేగం కొలిచే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ సైట్ అడ్రసు ఇచ్చి మొబైల్ ఫలితం చూడండి. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలో కనిపించాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలో స్పందించాలి. షాపు వైఫై ఆపేసి, సిగ్నల్ ఒక్క గీతే ఉన్న చోట నిలబడి కూడా ఒకసారి తెరవండి.

9. ఐదుగురి చేతిలో పెట్టి చూడండి

యూజబిలిటీ, అంటే వాడేవాళ్లకు సైట్ ఎంత సులువుగా ఉందనే విషయం, మీద జీవితమంతా పనిచేసిన జేకబ్ నీల్సన్ 2000లోనే చెప్పింది ఇది: ఐదుగురితో పరీక్షిస్తే పెద్ద తప్పుల్లో ఎక్కువ భాగం బయటపడతాయి. నా అనుభవంలో మూడో మనిషి దగ్గరికే నోట్‌బుక్ నిండుతుంది.

ఎవరిని పిలవాలి? మీ ఇంట్లోవాళ్లు వద్దు, వాళ్లకు షాపు సంగతులన్నీ తెలుసు. యాభై దాటినవాళ్లు ఒకరు, తక్కువ రేటు ఫోన్ వాడేవాళ్లు ఒకరు, తెలుగే చదివేవాళ్లు ఒకరు, మీ దగ్గర ఎప్పుడూ కొనని మహిళ ఒకరు, బయటి ఊరివాళ్లు ఒకరు ఉంటే బాగుంటుంది. వాళ్ల ఫోన్‌లోనే తెరవాలి. ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టాలి, ఛాయ్ తాగేంతసేపు చాలు.

పనులు ఇలా చెప్పండి:

- "అక్కా, మీ హాలుకు జంపఖానా కొనాలనుకోండి. ఎంత అవుతుందో చూసి చెప్పండి."
- "రేపు ఆదివారం. షాపు తెరిచి ఉంటుందా?"
- "అన్నా, పెళ్లికి ముప్పై కావాలి. ఎవరితో మాట్లాడతారు?"

"రేట్ల పేజీకి వెళ్లండి" అని చెప్పకూడదు, దారి మీరే చూపించినట్టవుతుంది.

తర్వాత మాట్లాడకుండా కూర్చోండి. ఇదే కష్టం. వాళ్లు తప్పు బటన్ వైపు వెళ్తుంటే నోరు తెరుచుకుంటుంది, ఆపుకోండి. వాళ్ల ముఖం చూడకండి, బొటనవేలు చూడండి. వేలు గాల్లో ఆగిన ప్రతి చోటా ఏదో తెలియలేదన్నమాట. పైకీ కిందికీ రెండుసార్లు జరిపితే వెతికింది దొరకలేదన్నమాట. ఆ చోట్లు రాసుకోండి. "బాగుందా?" అని చివర్లో అడగకండి, మనవాళ్లు మొహమాటానికి బాగుందనే అంటారు. "రేటు ఎక్కడ దొరుకుతుందనుకున్నారు?" అని అడగండి.

ఇద్దరు ఒకే చోట ఆగితే అది మనిషి తప్పు కాదు, సైట్ తప్పు. దిద్దించి, మరో ఇద్దరి చేతిలో పెట్టండి.

10. తెరిచిన తర్వాత

తెరిచే ముందు రోజు చూసుకోవాల్సినవి:

- అడ్రసు బార్‌లో "సురక్షితం కాదు" అన్న హెచ్చరిక రాకూడదు. ఆ హెచ్చరిక రాకుండా చేసే భద్రతా ఏర్పాటు ఎస్‌ఎస్‌ఎల్, అది ఉచితంగానే వస్తుంది.
- ప్రతి బటన్ ఒక్కసారైనా నొక్కి చూశారా?
- ఫారం నింపితే మెసేజ్ మీకు నిజంగా వచ్చిందా?
- సైట్‌లోని వేళలు, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లోని వేళలు ఒకటేనా?
- రేట్ల పక్కన "ఈ తేదీ నాటికి" అని ఉందా?

నెలకోసారి గంటసేపు సైట్ కోసం పెట్టుకోండి. అయిపోయిన సరుకు తీసేయండి, రేట్లు, తేదీ మార్చండి. సద్దుల బతుకమ్మ, దసరా రోజుల్లో వేళలు మారితే వారం ముందే హోమ్ పేజీలో పైన రాయండి, పండగ అయిన మర్నాడే తీసేయండి. డొమైన్ గడువు తేదీని ఫోన్ క్యాలెండర్‌లో నెల ముందుకు గుర్తు పెట్టుకోండి.

కౌంటర్ దగ్గరి నోట్‌బుక్ మాత్రం ఎత్తిపెట్టకండి. సైట్ చూసి కూడా ఎవరైనా ఫోన్‌లో అడిగిన ప్రశ్న ఉంటే రాయండి. నెలాఖరు గంటలో ముందు ఆ పేజీ తిరగేసి, గీతలు ఎక్కువున్న ప్రశ్నకు సైట్‌లో జవాబు ఎక్కడ ఉందో వెతకండి. ఉండీ కనిపించకపోతే పైకి తీసుకురండి, లేకపోతే ఆ రోజే రాయించండి.